చెకుముకి రాయిలో ఎరెన్‌బర్గ్ చూసినవి

డైనోఫ్లాజెల్లేట్ అనగానే మా క్లాసులో సగం మంది డైనోసార్‌కి చుట్టమేమో అనుకున్నారు. కాదు. డైనోసార్‌లో ఉన్న గ్రీకు మాటకి భయంకరం అని అర్థం. దీన్లో ఉన్నది వేరే మాట, గిరగిరా తిరగడం అని. నీళ్ళలో బొంగరంలా తిరుగుతూ ముందుకెళ్ళే ఒంటికణం జీవి ఇది. సముద్రంలో ఎక్కువ, మంచినీళ్ళలోనూ ఉంటుంది. వీటిలో కొన్నిటి గూళ్ళు కోట్ల ఏళ్ళపాటు రాయిలో చెక్కుచెదరకుండా మిగిలిపోతాయి. అలా మిగిలినవాటిని మొదట చూసి, బొమ్మ గీసి, పేరు పెట్టిన మనిషి క్రిస్టియన్ గాట్‌ఫ్రీడ్ ఎరెన్‌బర్గ్.

నాకు ఆయన పేరు తగిలింది సీఎస్‌ఈ పని మీదే. ఇమేజ్ క్లాసిఫికేషన్ మినీ ప్రాజెక్టు అంటే అందరూ పిల్లులూ కుక్కలే చేస్తున్నారని, మేం మైక్రోఫాసిల్స్ ఫొటోలు తీసుకున్నాం. లేబుల్స్ చూస్తుంటే జాతి పేరు పక్కన మళ్ళీ మళ్ళీ అదే పేరు. ఎరెన్‌బర్గ్, 1838. ఎరెన్‌బర్గ్, 1854. ఒక్క మనిషి ఇన్నిటికి పేర్లు ఎలా పెట్టాడా అని వెతకడం మొదలుపెట్టా. ప్రాజెక్టు సబ్మిట్ చేసేశాం, ఆయన మాత్రం నన్ను వదల్లేదు.

1795 ఏప్రిల్ 19న జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర డెలిచ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ముందు మతశాస్త్రం చదువుకోడానికి చేరాడు, అది వదిలేసి బెర్లిన్ వెళ్ళి మెడిసిన్‌లో పడ్డాడు. (బ్రాంచి మార్చుకున్నవాళ్ళు ఇక్కడ కూడా ఉన్నారుగా.) మెడిసిన్ డిగ్రీకి ఆయన రాసిన థీసిస్ రోగాల మీద కాదు. బెర్లిన్ చుట్టుపక్కల దొరికే బూజులూ పుట్టగొడుగుల మీద. సుమారు 250 రకాలు. బూజు దానంతటదే పుట్టుకురాదు, బూజు విత్తనాల్లాంటి స్పోర్స్ నుంచే వస్తుందని అప్పుడే గట్టిగా చెప్పాడు. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, ఆయన జీవితమంతా దీని చుట్టూనే తిరిగింది. కుళ్ళిన నీళ్ళలోంచి, బురదలోంచి ప్రాణం ఊరికే పుట్టుకొస్తుందని నమ్మేవాళ్ళు అప్పట్లో చాలామంది ఉన్నారు. ఎరెన్‌బర్గ్‌కి ఆ మాట అస్సలు పడదు.

1820లో స్నేహితుడు విల్‌హెల్మ్ హెంప్రిచ్‌తో కలిసి ఈజిప్టు బయల్దేరాడు. హెంప్రిచ్ కూడా డాక్టరే, ఎరెన్‌బర్గ్ కన్నా ఒక్క ఏడాది చిన్న. పాతికేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరూ. నైలు నది, ఎడారి, సినాయ్, లెబనాన్, ఎర్ర సముద్రం, అరేబియా తీరం. ఐదేళ్ళు తిరిగారు. వేల వేల మొక్కలు, జంతువులు పోగేసి పెట్టెల్లో బెర్లిన్‌కి పంపారు. దారిలో జట్టులో చాలామంది జబ్బులతో పోయారు. 1825 జూన్‌లో మసావా రేవులో హెంప్రిచ్ కూడా జ్వరంతో పోయాడు. అది ఇప్పుడు ఎరిత్రియాలో ఉంది. ఎరెన్‌బర్గ్ ఒంటరిగా తిరిగొచ్చి, ఆ సేకరణ మీద వేసిన పుస్తకాల్లో హెంప్రిచ్ పేరు తన పేరుతో పాటే పెట్టాడు. చాలా పక్షుల, చేపల పేర్ల పక్కన ఇవాళ్టికీ ఇద్దరి పేర్లూ జంటగా కనిపిస్తాయి. పోయిన ఫ్రెండ్ పేరు ప్రాజెక్టు రిపోర్టు మీంచి తీసెయ్యకపోవడం పెద్ద గొప్పా అని అనిపించొచ్చు. గొప్పే అని నేననుకుంటున్నా.

1829లో మళ్ళీ ప్రయాణం. ఈసారి అలెగ్జాండర్ హంబోల్ట్ వెంట రష్యా మీదుగా సైబీరియా దాకా వెళ్ళాడు. అదంతా వదిలేస్తా. నాకు కావాల్సింది ఆ తర్వాత ఆయన కుర్చీలో కూర్చుని చేసిన ప్రయాణం.

ఆయన మైక్రోస్కోపు బెర్లిన్‌లో పిస్టర్, షీక్ అనేవాళ్ళు చేసింది. మామూలుగా 300 రెట్లు పెద్దది చేసి చూసేవాడు. ఫొటో లేదు, స్క్రీన్‌షాట్ లేదు. ఒక కన్ను లెన్సు మీద, చెయ్యి కాగితం మీద. బాక్టీరియా అని మనం రోజూ అనే మాట ఆయన పెట్టిన పేరు నుంచే వచ్చింది. పెరిడినియం అనే డైనోఫ్లాజెల్లేట్ ప్రజాతి పేరు కూడా ఆయనదే. రాత్రిపూట సముద్రం మెరవడానికి ఇలాంటి సూక్ష్మజీవులు కారణమని చూపించినవాళ్ళలో ఆయన ఒకడు.

1836లో ఒక పింగాణీ ఫ్యాక్టరీ యజమాని ఆయనకి ఒక రకం తేలికపాటి మట్టి పంపాడు. నీళ్ళలో కలిపి చూస్తే అది మట్టే కాదు. మొత్తం డయాటమ్ అనే శైవలాల గాజు పెంకులు. బిలిన్ అనే ఊరి మెరుగు రాయి ఒక ఘనపు అంగుళంలో 4,100 కోట్ల పెంకులుంటాయని లెక్కేశాడు. అప్పటిదాకా ఫాసిల్ అంటే ఎముకలు, గవ్వలు. కంటికి కనపడని ప్రాణులు కొండల్ని కడతాయని ఎవరూ ఊహించలేదు. ఊరంతా గగ్గోలు. ఇక ఏ రాయి దొరికితే ఆ రాయి లెన్సు కింద పెట్టాడు.

అలా చెకుముకి రాయి వంతు వచ్చింది. మన చిన్నప్పటి సైన్సు పత్రిక పేరు కూడా చెకుముకే. ఆ పేరున్న రాయిని మాత్రం మా బ్యాచ్‌లో ఒక్కరూ చేత్తో పట్టుకోలేదు, నేను అడిగి చూశా. ఇనుముతో కొడితే నిప్పు రవ్వ లేచే రాయి అది. యూరప్‌లో ఇది సుద్దరాయి పొరల మధ్య పుడుతుంది. సముద్రం అడుగున సిలికా జిగురులా చేరి గట్టిపడినప్పుడు, ఆ బురదలో ఉన్న చిన్న చిన్న ప్రాణుల గూళ్ళు నలగకుండా లోపలే ఉండిపోతాయి. తేనెలో పడ్డ చీమలా అనుకోండి. రాయిని పగలగొడితే వచ్చే పల్చటి పెచ్చులోంచి వెలుతురు దూరుతుంది. ఎరెన్‌బర్గ్ ఆ పెచ్చుల్లోకే చూశాడు. చూసిన రాళ్ళలో ఆయన సొంత ఊరు డెలిచ్‌వీ ఉన్నాయి. దొరికిన వాటిలో ఒకదానికి ఆ ఊరి పేరే పెట్టాడు, పెరిడినియం డెలిషియెన్సే అని. ఇంకోదానికి పెరిడినియం పైరోఫోరమ్. నిప్పుని మోసేది అని అర్థం, చెకుముకిలో దొరికింది కదా. ఈ పేర్లు 1838లో అచ్చయ్యాయి. మనుషులు పేర్లు పెట్టిన మొదటి శిలాజ డైనోఫ్లాజెల్లేట్లు ఇవే.

ఇప్పుడు కొంచెం అనాటమీ. భయపడొద్దు, నేను కూడా బయాలజీ టెన్త్‌తోనే వదిలేసినవాణ్ణి. పెరిడినియం రకం జీవి ఒంటి మీద పలకలతో చేసిన కవచం ఉంటుంది. నడుము చుట్టూ బెల్టులా ఒక గాడి. ఆ గాడి నుంచి కిందికి ఇంకో గాడి. రెండిట్లో చెరో కొరడాలాంటి తోక. నడుము గాడిలోది అలలా కదులుతూ జీవిని తిప్పుతుంది, కిందిది వెనక నుంచి తోస్తుంది. గాడికి పైనున్న పలకలు ఇన్ని, కిందున్నవి ఇన్ని అని లెక్కపెట్టి రాసుకుంటారు. పెరిడినియంకి కొస దగ్గర 4, వాటి కింద 3, నడుముకి ఆనుకుని పైన 7, నడుముకి ఆనుకుని కింద 5, అడుగున 2. ఈ లెక్కే దాని ఆధార్ నంబరు. ఒంటి మీద కొమ్ములు ఎన్నున్నాయో కన్నా ఈ పలకల లెక్కే వర్గీకరణలో ముఖ్యం.

పైరోఫోరమ్ మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. పైన ఒక కొమ్ము, అడుగున రెండు, వాటిలో ఒకటి పొట్టి. పలకల అంచులు, నడుము గాడి అన్నీ కనిపిస్తాయి. అందుకే ఎరెన్‌బర్గ్ దాన్ని బతికున్న పెరిడినియం పక్కనే పెట్టాడు. ఏడు కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు జీవినీ తన కాలపు జీవినీ ఒకే పేరు కింద పెట్టడం ఆ రోజుల్లో చిన్న ధైర్యం కాదు. ఆ పెచ్చుల్లోనే ముళ్ళ బంతుల్లాంటివి కూడా కనపడ్డాయి. అవి చూడ్డానికి మంచినీటి నాచు జాంథీడియంలా ఉన్నాయని వాటిని అందులో వేశాడు. అవి కూడా డైనోఫ్లాజెల్లేట్లేనని తేలడానికి నూటపాతికేళ్ళు పట్టింది.

ఇక్కడిదాకా ఆయన హీరో. అదే 1838లో ఆయన పెద్ద పుస్తకం వచ్చింది, 64 ప్లేట్ల బొమ్మలతో. పుస్తకం పేరులోనే ఆయన వాదన ఉంది, నీటి సూక్ష్మజీవులు కూడా అన్ని అవయవాలూ ఉన్న పూర్తి ప్రాణులని. ఆయన వాటికి నీలిమందు రంగు తినిపించాడు. లోపల నీలం చుక్కలు చాలా కనపడ్డాయి. ఇవన్నీ పొట్టలు అన్నాడు, వాటిని కలిపే పేగు కూడా ఉందన్నాడు. ఆ వర్గానికి చాలా పొట్టలున్నవి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పెరిడినియంని కూడా అందులోనే వేశాడు. ఎర్ర చుక్క కనపడితే కన్ను అన్నాడు, కన్నుంటే నరం ఉండాలన్నాడు. నడుము గాడిలో అలలా కదిలేది ఒక్క తోకే అయినా ఆయనకి అది చిన్న చిన్న వెంట్రుకల దండలా కనపడింది. ఆ కుటుంబాన్ని జర్మన్‌లో దండ జీవులు అని పిలిచాడు.

ఫ్రాన్సులో ఫెలిక్స్ ద్యుజార్డాన్ అప్పటికే, 1835లోనే, ఇది కాదని చెప్పాడు. పొట్టలూ పేగులూ లేవు, లోపల ఉన్నది జిగురులాంటి బతికున్న పదార్థం మాత్రమే అని. కొద్ది ఏళ్ళలో కణ సిద్ధాంతం వచ్చింది, 1845లో సీబోల్డ్ ఇవన్నీ ఒంటికణం జీవులని రాశాడు. వరసగా అందరూ అటు వెళ్ళిపోయారు. ఎరెన్‌బర్గ్ వెళ్ళలేదు. చచ్చేదాకా ఒప్పుకోలేదు.

ఎందుకంత మొండితనం? పంతం, అహంకారం అని చాలామంది తేల్చేస్తారు. అదీ ఉండొచ్చు. కానీ ఆ బూజు థీసిస్ గుర్తు తెచ్చుకుంటే ఇంకోటి కూడా కనిపిస్తుంది. పొట్ట, పేగు, కన్ను ఉన్న ప్రాణి బురదలోంచి ఊరికే ఊడిపడదు, దానికి తల్లి ఉండాలి. అవయవాలు లేవని ఒప్పుకుంటే ప్రాణం దానంతటదే పుడుతుందనే వాళ్ళకి తలుపు తీసినట్టే అని ఆయన భయం. చివరికి ఆ విషయంలో ఆయనే గెలిచాడు. ప్రాణం ఊరికే పుట్టదని పాశ్చర్ చూపించాడు. ఎరెన్‌బర్గ్ చెప్పిన కారణం తప్పు, చెప్పిన జవాబు రైటు. మన ఎగ్జామ్స్‌లో అయితే స్టెప్స్‌కి మార్కులు పోతాయి.

ఈ గొడవ నడుస్తుండగానే ఆయన పని మాత్రం ఆగలేదు. ఓడ మీద పడ్డ దుమ్ము డార్విన్ పంపిస్తే అందులో 67 రకాల సూక్ష్మజీవుల అవశేషాలు తీసి చూపించాడు. ఆ తర్వాత డార్విన్ పరిణామ సిద్ధాంతాన్నీ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి. ప్రపంచం నలుమూలల నుంచి మట్టి పొట్లాలు ఆయన బల్ల మీదికి వచ్చేవి. గంగ ఒండ్రు వచ్చింది, మన నికోబార్ దీవుల మట్టి వచ్చింది. 1854లో వచ్చిన మైక్రోజియాలజీ పుస్తకం ఈ పొట్లాల ఫలితమే.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆయన దాచుకున్న పద్ధతి. గాజు స్లైడ్లు కాదు, అభ్రకం రేకులు. మన గూడూరు వైపు గనుల్లో తీసే అభ్రకమే. ఆ పల్చటి రేకు మీద చిటికెడు మట్టి, పైన జిగురు. ఏ జీవి ఎక్కడుందో తెలియడానికి దాని చుట్టూ చిన్న రంగు కాగితం ఉంగరం. పాయింటర్ అంటే ఏమిటో జూనియర్స్‌కి చెప్పాల్సొస్తే నేను ఇకమీదట ఇదే చెప్తా. చూపు మందగించాక కూతురు క్లారా ఆ పనంతా ఎత్తుకుంది. బొమ్మలు, పేర్లు, ఇండెక్సు. ఆవిడ పేరు ఏ జాతి పక్కనా పెద్దగా కనపడదు, కానీ ఆ సేకరణలో ఏది ఎక్కడుందో ఇవాళ వెతకగలిగేది ఆవిడ చలవే చాలావరకు. 1876 జూన్ 27న ఎరెన్‌బర్గ్ బెర్లిన్‌లో పోయాడు. సుమారు 40,000 ప్రిపరేషన్లు, 5,000 మట్టి నమూనాలు, 3,000 బొమ్మలు బెర్లిన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన పొట్టల సిద్ధాంతం కోసం ఎవరూ అక్కడికి వెళ్ళరు. ఆయన పేరు పెట్టిన జీవి అసలు ఏదో చూడ్డానికి మాత్రం పరిశోధకులు ఇప్పటికీ ఆ రేకులు బయటికి తీస్తారు.

నడుము గాడిలో ఉన్నది వెంట్రుకల దండ కాదు, ఒకే ఒక్క తోక అని క్లెబ్స్ 1883లో చూపించాడు. డైనోఫ్లాజెల్లేటా అనే పేరు బ్యూచ్లీ 1885లో పెట్టాడు. అంటే మొదటి శిలాజ డైనోఫ్లాజెల్లేట్లని కనిపెట్టిన మనిషి ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు.

ముళ్ళ బంతుల కథ ఇంకా సాగింది. ఇగువానోడాన్ డైనోసార్‌ని కనిపెట్టిన మాంటెల్, ఇవి నాచు కాదని 1850లో కొత్త పేరు పెట్టాడు. 1933లో ఒట్టో వెట్జెల్ ముళ్ళపంది బంతి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అవి ఏమిటో మాత్రం ఎవరికీ తెలీదు. 1961లో అమెరికాలో విలియం ఎవిట్ జాగ్రత్తగా చూస్తే వాటి మీద ఒక కిటికీ కనపడింది. ఆ కిటికీ ఆకారం సరిగ్గా డైనోఫ్లాజెల్లేట్ పలక ఆకారం. అప్పుడు లెక్క కుదిరింది. కొన్ని డైనోఫ్లాజెల్లేట్లు గడ్డుకాలంలో గట్టి గూడు కట్టుకుని, అంటే సిస్టు కట్టుకుని, నీటి అడుగున పడుకుంటాయి. మంచిరోజులు వచ్చాక కిటికీ తెరుచుకుని బయటికి వెళ్ళిపోతాయి. రాయిలో మిగిలేది ఆ ఖాళీ గూడు. ఈదే జీవి కవచం సెల్యులోజ్, అది కుళ్ళిపోతుంది. సిస్టు గోడ యాసిడ్‌కి కూడా లొంగదు.

మరి పైరోఫోరమ్? దాని మీద పలకలు అంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టి అది సిస్టు కాదు, అసలు కవచమే అని చాలాకాలం అనుకున్నారు. కానీ దానికీ కిటికీ ఉంది, అదీ చాలా పలకలు ఒకేసారి మూతలా లేచే పెద్ద కిటికీ. 1998లో ఎవిట్, ఇంకో ఇద్దరు దీని మీద ఒక వ్యాసం రాశారు. సిస్టు బయట ఇంకో పల్చటి పొర ఉంటుందని, పలకల ముద్రలు ఆ పొర మీదివని వాళ్ళు వివరించారు. ఎరెన్‌బర్గ్ బొమ్మకీ దీనికీ మధ్య 160 ఏళ్ళు. ఒక్క మిల్లీమీటరు కూడా లేని వస్తువు మీద!

ఇదంతా యూరప్ గొడవ, మనకేంటి అనుకుంటున్నారా? మా గుణదల కొండలో ఇలాంటివి వెతకడం దండగే, ఒప్పుకుంటా. అది ఖొండలైట్ రాయి. వంద కోట్ల ఏళ్ళకి పైబడ్డది, భూమి లోపల ఉడికి వచ్చింది, అందులో ఏ గూడూ మిగలదు. కానీ విజయవాడలో గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం వెళ్ళే రైలెక్కండి. కిటికీలోంచి కనపడే చేలూ చేపల చెరువులూ పైపైనే. కింద కిలోమీటర్ల లోతున డైనోసార్ల కాలం నుంచి సముద్రం పేర్చిన మట్టి పొరలున్నాయి. చమురు కోసం, గ్యాస్ కోసం బోరు దింపినప్పుడు ముక్కలు ముక్కలుగా రాయి పైకొస్తుంది. నరసాపురంలో ఉండే మా మావయ్య రిగ్గుల మీద పనిచేశాడు. ఆ ముక్కల్ని లోతు రాసి సంచుల్లో కట్టి ల్యాబ్‌కి పంపేవాళ్ళని చెప్పాడు. ఎందుకు పంపేవాళ్ళో నాకు ఇప్పుడు తెలుసు. వేలి గోరంత రాయి ముక్కలో డైనోసార్ ఎముక దొరకదు, సిస్టులు మాత్రం దొరుకుతాయి. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో వేస్తే రాయి కరిగిపోయి అవి మిగులుతాయి. ఏ సిస్టులున్నాయో చూసి ఆ పొర వయసు చెప్పేస్తారు. ఉత్తర సముద్రం బావుల్లో పైరోఫోరమ్ ఇదే ఉద్యోగం చేస్తోంది. డైనోసార్లని చంపిన 6.6 కోట్ల ఏళ్ళ నాటి దెబ్బని తట్టుకుని, ఇంకొన్ని లక్షల ఏళ్ళు బతికి, సుమారు 6 కోట్ల ఏళ్ళ కిందట మాయమైంది. అది ఏ లోతులో మొదటిసారి తగిలితే ఆ లోతుకి ఆ వయసు.

నరసాపురం ఒకటో నంబరు బావిలో దొరికిన డైనోఫ్లాజెల్లేట్ సిస్టుల మీద 1990లో ఒక పెద్ద పరిశోధన వ్యాసం వచ్చింది. క్రెటేషియస్ చివరి నుంచి టెర్షియరీ మొదటి వరకు, అంటే పైరోఫోరమ్ బతికిన కాలాలే. రాసింది ఎన్.సి. మెహ్రోత్రా, విలియం సార్జెంట్. ఈ సార్జెంట్ పేరు నేను అంతకుముందే చూశా. పైరోఫోరమ్‌ని పాత పెరిడినియంలోంచి తీసి, డెఫ్లాండ్ర్ 1934లో పెట్టిన పేలియోపెరిడినియంలో 1967లో చేర్చింది ఆయనే. అందుకే ఇప్పుడు దాని పూర్తి పేరు రాసేటప్పుడు ఎరెన్‌బర్గ్ 1838, వెట్జెల్ 1933 బ్రాకెట్లో ఉంటారు, సార్జెంట్ 1967 బ్రాకెట్ బయట ఉంటాడు. గిట్‌లో మొదట రాసినవాడి పేరూ, తర్వాత మార్చినవాడి పేరూ రెండూ నిలబడినట్టు. మా లేబుల్స్ ఫైల్లో నేను ఆ బ్రాకెట్లు కొట్టెయ్యకుండా ఉంచా, సీఎస్‌వీలో కామాలతో కొంచెం గొడవ చేసినా సరే.